కత్తికి బలైన కిరీటాలు

ఇంగ్లండ్ ఒకే రాజ్యమయ్యాక దాన్ని ఏలిన రాజుల్లో నడి యుద్ధంలో ప్రాణం వదిలింది ఇద్దరే ఇద్దరు. ఒకరు 1066లో, మరొకరు 1485లో. మధ్యలో 419 ఏళ్ల ఎడం! ఇంకొకాయన కోట ముట్టడిలో బాణం దెబ్బ తిని పదకొండో రోజున పోయాడు. అంతకుముందు, దేశం చిన్న చిన్న రాజ్యాలుగా ఉన్న కాలంలోనైతే రాజులు వరసపెట్టి యుద్ధభూమిలోనే రాలిపోయారు. ఆ చావులు ఒక్కొక్కటీ ఒక్కో రికార్డు.

ఆఖరివాడు

మూడో రిచర్డ్. 1485 ఆగస్టు 22, బాస్‌వర్త్ యుద్ధం. వయసు 32. సింహాసనమెక్కి రెండేళ్ల రెండు నెలలైనా నిండలేదు. యుద్ధంలో చనిపోయిన ఇంగ్లండ్ రాజుల్లో చివరివాడు ఈయనే. అయిదు శతాబ్దాలు దాటినా ఆ స్థానంలోకి ఇంకొకరు రాలేదు. 1154 నుంచి 331 ఏళ్లు పాలించిన ప్లాంటాజెనెట్ వంశం ఆ ఒక్క పూటలో ముగిసింది. పూట అనడం కూడా ఎక్కువే, పోరు నడిచింది సుమారు రెండు గంటలు!

బలగం చూస్తే రిచర్డే మొనగాడు. ఆయన వెంట దాదాపు 10 వేల మంది, ప్రత్యర్థి హెన్రీ ట్యూడర్ వెంట అందులో సగం ఉంటారని అంచనా. కానీ మైదానం అంచున మూడో సేన ఒకటి ఎటూ తేల్చుకోకుండా నిలబడి ఉంది. అది స్టాన్లీ సోదరులది. రెండు వైపుల లెక్కా తారుమారు చేసింది అదే.

అతి పొడవాటి ప్రత్యర్థి

హెన్రీ కొద్దిమంది అంగరక్షకులతో విడిగా కనిపించగానే రిచర్డ్ తన సొంత రౌతులతో నేరుగా అతని మీదికే గుర్రం దూకించాడు. హెన్రీ జెండా మోస్తున్న విలియం బ్రాండన్‌ను చంపాడు. తర్వాత అడ్డొచ్చింది సర్ జాన్ చేనీ. సాలిస్‌బరీ చర్చిలో ఉన్న అతని ఎముకను కొలిచి, మనిషి ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలని లెక్కగట్టారు. రిచర్డ్ వెన్ను నిటారుగా ఉండి ఉంటే 5 అడుగుల 8 అంగుళాలు. అంటే సరిగ్గా అడుగు తేడా! వెన్ను వంకర వల్ల నిజానికి ఇంకా పొట్టిగానే కనిపించేవాడు. అయినా ఆ ఆజానుబాహుణ్ణి గుర్రం మీంచి కింద పడగొట్టింది రిచర్డే. రిచర్డ్‌ను తిట్టిపోసిన చరిత్రకారులు సైతం ఆ రోజు ఆయన చూపిన తెగువను కాదనలేకపోయారు.

సరిగ్గా అప్పుడే సర్ విలియం స్టాన్లీ సేన హెన్రీ వైపు దూకింది. రిచర్డ్ గుర్రం బురద నేలలో చిక్కుకుపోయింది. రాజు నేల మీద నిలబడి పోరాడాల్సి వచ్చింది. చుట్టూ పొడవాటి గండ్రగొడ్డళ్లు పట్టిన కాల్బలం.

అత్యధిక గాయాలు

పదకొండు! పుర్రె మీద 9, ఒంటి మీద 2. ఇది కవులు చెప్పిన లెక్క కాదు, లెస్టర్ విశ్వవిద్యాలయ నిపుణులు 2012లో దొరికిన ఆయన ఎముకలకు సీటీ స్కాన్ తీసి, 2014లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురించినది. ఎముకను తాకకుండా కండలోనే ఆగిన దెబ్బలు ఇంకెన్నో ఈ లెక్కలోకి రానేలేదు.

పుర్రె పైభాగంలో మూడు చోట్ల పదునైన కత్తి ఎముకను పైపైన చెక్కుకుంటూ పోయింది. దవడ మీద ఓ గాటు. చెంప ఎముకలో బాకు దిగిన గుర్తు. నడినెత్తిన ఓ చిన్న రంధ్రం. పుర్రె అడుగున, మెడ పైన, రెండు పెద్ద గాయాలు. ఒకచోట ఎముక చెక్క ఎగిరిపోయింది. ఇంకోచోట కత్తి మొనో, గండ్రగొడ్డలి కొసనున్న ములుకో లోపలికి దిగి, పుర్రె అవతలి గోడను తాకేదాకా వెళ్లింది. లోతు 10.5 సెంటీమీటర్లు. ఈ రెంటిలో ఏ ఒక్కటైనా క్షణాల్లో ప్రాణం తీయడానికి చాలు.

చేతుల మీద ఒక్క దెబ్బ లేదు. చిత్రమంతా ఇక్కడే ఉంది! తల మీద తొమ్మిది వేట్లు పడుతుంటే ఎవరైనా చేతులు అడ్డం పెట్టుకుంటారు, చేతుల ఎముకలకు గాట్లు పడతాయి. ఆయనకు పడలేదు. ఒంటి మీద ఉక్కు కవచం అప్పటికింకా ఉందనడానికి అదే ఆధారం. శిరస్త్రాణం మాత్రం ఊడిపోయింది, లేదా ఎవరో లాగేశారు. పక్కటెముక మీది గాటు, కటి ఎముకను వెనక నుంచి చీల్చిన పోటు... ఈ రెండూ కవచం ఉండగా తగిలే చోట్లు కావు. చనిపోయాక బట్టలూడదీసి, గుర్రం మీద అడ్డంగా వేసి, ఊరేగిస్తూ పొడిచిన పోట్లని నిపుణుల అభిప్రాయం. బతికుండగా తగిలిన తొమ్మిది గాయాలను యుద్ధం అనుకోవచ్చు. ఆ రెంటినీ మాత్రం శవానికి చేసిన అవమానమనే అనాలి.

అత్యంత లోతైన గాయం... బతికిపోయిన రాజు!

10.5 సెంటీమీటర్లు దిగితే రిచర్డ్ చచ్చిపోయాడు. 15 సెంటీమీటర్లు దిగినా బతికినవాడు అయిదో హెన్రీ. 1403 జులై 21, ష్రూస్‌బరీ యుద్ధం. అప్పటికింకా యువరాజు, వయసు 16. ముక్కు పక్కగా ఎడమ వైపు దూసుకుపోయిన బాణం ఆరంగుళాల లోతులో పుర్రె వెనక ఎముకలో దిగబడింది. పుల్ల ఊడి వచ్చింది, ములికి లోపలే ఉండిపోయింది. వైద్యులు చేతులెత్తేశారు. జాన్ బ్రాడ్‌మోర్ అనే లండన్ శస్త్రవైద్యుడు పటకారులాంటి కొత్త పనిముట్టునే తయారుచేశాడు. గాయంలోకి పంపి, మర తిప్పి, ములికి గొట్టాన్ని లోపలి నుంచి పట్టుకుని, అటూ ఇటూ కదుపుతూ బయటికి లాగాడు. గాయాన్ని తేనెతో, వైన్‌తో కడుగుతూ మాన్పాడు. మత్తుమందు లేదు, యాంటీబయాటిక్ లేదు! ఆ కుర్రాడే పన్నెండేళ్ల తర్వాత అజిన్‌కోర్ట్ విజేత. చివరికి 1422లో, 35 ఏళ్ల వయసులో, ఏ బాణమూ తగలకుండా విరేచనాల జబ్బుతో పోయాడు.

అతి చురుకైన తేదీ మార్పు

బాస్‌వర్త్‌లో గెలిచిన హెన్రీ ట్యూడర్ ఏడో హెన్రీ అయ్యాడు. తన పాలన ఆగస్టు 21నే మొదలైందని పార్లమెంటులో రాయించుకున్నాడు. యుద్ధం జరిగింది 22న! ఒక్కరోజు వెనక్కి జరిపేసరికి, రిచర్డ్ తరఫున పోరాడిన వాళ్లంతా సొంత రాజు మీద కత్తెత్తిన ద్రోహులైపోయారు, వాళ్ల ఆస్తులు ఖజానాకు చేరే దారి పడింది. మధ్యయుగ పాలకుల ఎత్తుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం తెచ్చింది నాకైతే మరొకటి కనిపించలేదు. ఆ రోజు ప్రాణం కాపాడిన విలియం స్టాన్లీకి దక్కిన ప్రతిఫలం? పదేళ్లు తిరక్కుండా, 1495లో, రాజద్రోహ నేరం మీద అదే రాజు తల తీయించాడు.

అతి చవక సమాధి

శవాన్ని లెస్టర్‌లో జనం చూసేలా పెట్టి, ఆ తర్వాత గ్రేఫ్రయర్స్ మఠం చర్చిలో పాతిపెట్టారు. గొయ్యి మనిషికి సరిపోలేదు, తల ఒక గట్టుకు ఎత్తుగా ఆని ఉండిపోయింది. పెట్టె ఆనవాలు లేదు. చేతులు కట్టేసి ఉన్నాయేమో అనిపించేలా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పదేళ్లకు ఏడో హెన్రీ సమాధి కట్టడానికి ఇచ్చింది 10 పౌండ్ల చిల్లర. తర్వాత దేశంలో మఠాలను రద్దు చేసినప్పుడు చర్చి పోయింది, సమాధీ పోయింది. ఎముకలను సోర్ నదిలో పారేశారన్న పుకారును జనం తరతరాలుగా నమ్మారు.

అదే రాజుకు 2015 మార్చి 26న లెస్టర్ కేథడ్రల్‌లో జరిగిన రెండో అంత్యక్రియలకు, చర్చిని అందుకు సిద్ధం చేయడానికి అయిన ఖర్చు దాదాపు 25 లక్షల పౌండ్లు. ఊరేగింపు చూడటానికి దారి పొడవునా 35 వేల మంది. పెట్టె దగ్గరికి వెళ్లి నమస్కరించడానికి మూడు రోజుల్లో 20 వేల మందికి పైగా వరస కట్టారు.

అతి వేగంగా దొరికిన రాజు

527 ఏళ్లు మట్టిలో ఉండిపోయినవాడు తవ్వకం మొదలైన రోజే దొరికాడు! 2012 ఆగస్టు 25న లెస్టర్‌లో ఓ కార్ల పార్కింగ్‌లో తారు కోసి కందకం తీశారు. తవ్వించాలని ఏళ్లపాటు పట్టుబట్టింది రచయిత్రి ఫిలిప్పా లాంగ్లీ. తవ్వింది రిచర్డ్ బక్లీ నాయకత్వంలోని విశ్వవిద్యాలయ బృందం. మొదటి రోజే కాలి ఎముకలు బయటపడ్డాయి. అవి రాజువని అప్పటికి ఎవరికీ తెలియదు, కప్పేసి ముందుకు సాగారు. ఆ చోటే మఠం చర్చిలో పూజారులు పాడే భాగమని తేలాక మళ్లీ వచ్చి సెప్టెంబరు మొదటి వారంలో అస్థిపంజరాన్ని పూర్తిగా తీశారు. పాదాల ఎముకలు లేవు, తర్వాతి కాలంలో ఏదో తవ్వకంలో పోయాయి. 19వ శతాబ్దంలో కట్టిన ఓ షెడ్డు పునాది ఇంకొన్ని అంగుళాలు జరిగి ఉంటే మిగతాదీ దక్కేది కాదు.

అతి పాత డీఎన్ఏ గుర్తింపు

ఎముకలు ఎవరివో తేల్చింది రిచర్డ్ అక్క ఆన్. ఆమె నుంచి తల్లి వరసలో, కూతురు తర్వాత కూతురుగా, 17 తరాలు దిగివస్తే నేటికాలపు బంధువులు దొరికారు. వాళ్ల మైటోకాండ్రియా డీఎన్ఏ, అస్థిపంజరం డీఎన్ఏ సరిపోలాయి. అన్ని ఆధారాలూ కలిపితే ఇది రిచర్డే అనడానికి సంభావ్యత 99.999 శాతం. పేరు తెలిసిన వ్యక్తిని డీఎన్ఏతో గుర్తించిన ఉదంతాల్లో ఇంత పాతది లేదని పరిశోధకులే 2014లో ప్రకటించారు. తండ్రి వరస డీఎన్ఏ మాత్రం కలవలేదు! వంశవృక్షంలో ఎక్కడో ఓ చోట కాగితం మీది తండ్రి ఒకరు, అసలు తండ్రి ఇంకొకరు అన్నమాట.

కళ్లు నీలం కావడానికి 96 శాతం అవకాశం. చివరి రోజుల్లో రోజుకో సీసా వైన్ దాకా తాగేవాడని ఎముకల్లోని రసాయనాలు చెప్పాయి. కడుపు ఉన్న చోటి మట్టిలో ఏలికపాముల గుడ్లు! షేక్‌స్పియర్ నాటకం ఆయన్ను గూనివాడిగా, ఎండిన చేతివాడిగా చూపించింది. ఎముకలు చూపించింది వేరు. వెన్ను పక్కకు వంగింది, ఆ వంపు 65 డిగ్రీలకు పైనే. కానీ గూని కాదు. రెండు చేతులూ నిక్షేపంగా ఉన్నాయి. అంత వంపు తిరిగిన వెన్నుతో కవచం తొడిగి, గుర్రమెక్కి, 6 అడుగుల 8 అంగుళాల మనిషిని పడగొట్టాడు. ఒళ్లు గగుర్పొడుస్తుంది!

తప్పిపోయిన యుద్ధభూమి

రాజే కాదు, యుద్ధభూమి కూడా తప్పిపోయింది. తరతరాలు జనం ఆంబియన్ గుట్టనే చూసి వచ్చారు. లోహశోధకాలతో పొలాలు గాలించిన పురావస్తు బృందం అసలు చోటును 2009లో బయటపెట్టింది. అది గుట్టకు సుమారు 3 కిలోమీటర్ల అవతల. దొరికినవి 30కి పైగా సీసపు గుండ్లు. ఐరోపాలోని మధ్యయుగ యుద్ధభూముల్లో ఇన్ని ఇంకెక్కడా దొరకలేదు. వాటితోపాటు బంగారు పూత పూసిన చిన్న వెండి అడవి పంది. రిచర్డ్ చిహ్నం అదే. చివరి దాడిలో ఆయన పక్కనున్న రౌతెవరో ధరించి ఉండాలి.

అతి తక్కువ కాలం ఏలి కూలినవాడు

ఇక 1066కి వెళ్దాం. హెరాల్డ్ గాడ్విన్‌సన్ పట్టాభిషేకం జనవరి 6న, మరణం అక్టోబరు 14న. మొత్తం తొమ్మిది నెలల ఎనిమిది రోజులు. అందులో ఆఖరి నెల ఒక్కటీ ఇంకెవరి జీవితానికైనా సరిపోతుంది.

ఉత్తరాన నార్వే రాజు హరాల్డ్ హార్డ్రాడా దిగాడని తెలిసి హెరాల్డ్ సేన లండన్ నుంచి యార్క్ దిక్కుకు దాదాపు 300 కిలోమీటర్లు నాలుగు రోజుల్లో పరుగెత్తింది. రోజుకు 75 కిలోమీటర్లు! సెప్టెంబరు 25న స్టాంఫర్డ్ బ్రిడ్జ్ దగ్గర విరుచుకుపడింది. నార్వే వాళ్లు వచ్చింది 300 ఓడల్లోనని, మిగిలినవాళ్లు వెళ్లడానికి 24 చాలాయని ఆనాటి ఆంగ్లో-శాక్సన్ చరిత్ర నమోదు చేసింది. పదికి ఒక్క ఓడైనా నిండలేదు. హార్డ్రాడాకు దక్కింది ఏడడుగుల నేల, మామూలు మనుషులకంటే పొడగరి గనుక ఇంకాస్త ఎక్కువ అన్నది ఆయన వీరగాథ చెప్పే మాట.

మూడు రోజులకే, 28న, నార్మన్ విలియం దక్షిణ తీరంలో దిగాడు. మళ్లీ పరుగు, ఈసారి సుమారు 400 కిలోమీటర్లు. అలసట తీరని సేనతో హేస్టింగ్స్ దగ్గర గుట్టెక్కి డాళ్లు గోడలా పేర్చి నిలబడ్డాడు. పొద్దున తొమ్మిదింటికి మొదలైన పోరు చీకటి పడేదాకా ఆగలేదు. బాస్‌వర్త్‌కు నాలుగింతలు. ఇద్దరు తమ్ముళ్లు గిర్త్, లియోఫ్‌వైన్ అదే రోజు అదే నేల మీద పడిపోయారు. ఆ తర్వాత హెరాల్డ్.

అతి పొడవైన సాక్ష్యం

హెరాల్డ్ చావుకు సాక్షి ఓ గుడ్డ! ఫ్రాన్స్‌లోని బేయూ పట్టణానికి చెందిన కుట్టుపని బట్ట. పొడవు 68 మీటర్లకు పైనే, వెడల్పు అర మీటరు. మన ఆరు గజాల చీరలు పన్నెండు వరసగా పరిచినా ఇంకా రెండు మీటర్ల బట్ట మిగులుతుంది. నార గుడ్డ మీద రంగురంగుల ఉన్ని దారాలు. 600 మందికి పైగా మనుషులు, 200 దాకా గుర్రాలు. ఇంత బట్టలో అందరూ వెతికేది ఒక్క బాణాన్ని.

రాజు చచ్చిపోయాడని లాటిన్‌లో కుట్టిన మాటల కింద ఇద్దరున్నారు. ఒకడు కంటి దగ్గర దిగిన బాణాన్ని పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే ఇంకొకడు, గుర్రం మీద వచ్చినవాడి కత్తి తొడకు తగిలి ఒరిగిపోతున్నాడు. వీళ్లలో హెరాల్డ్ ఎవరు? మొదటివాడా, రెండోవాడా, ఒకే మనిషిని రెండుసార్లు చూపారా? 18వ శతాబ్దంలో గీసిన నకలులో కంటి దగ్గర ఈకలున్న బాణం లేదు, ఉత్త గీత ఉంది. తర్వాత మరమ్మతు చేసినవాళ్లు దాన్ని బాణం చేశారన్నది కొందరి వాదన. యుద్ధం గురించిన ఓ పాత లాటిన్ కావ్యం బాణం ఊసే ఎత్తదు, నలుగురు కలిసి నరికారంటుంది. బడి పుస్తకాల్లో స్థిరపడిపోయిన ఆ కంటి బాణం కంటే నలుగురి కత్తులే నిజానికి దగ్గరని నాకనిపిస్తుంది. శవాన్ని గుర్తుపట్టడానికి ముఖం పనికిరాలేదు మరి. ప్రియురాలు ఎడిత్‌ను పిలిపించి, ఆమెకు మాత్రమే తెలిసిన ఒంటి గుర్తులతో ఆనవాలు పట్టారని వాల్తమ్ మఠం వాళ్ల కథనం.

అత్యధిక వెల పలికిన దేహం

ఆ దేహానికి హెరాల్డ్ తల్లి గీతా కట్టిన వెల... దేహం ఎంత తూగితే అంత బంగారం! ఆ యుద్ధాల్లో ఆమె పోగొట్టుకున్నది ముగ్గురు కొడుకుల్ని కాదు, నలుగురిని. నాలుగోవాడు టాస్టిగ్ నార్వే వైపు చేరి స్టాంఫర్డ్ బ్రిడ్జ్ దగ్గర చనిపోయాడు. మూడు వారాలైనా తిరగలేదు. విలియం బంగారం వద్దన్నాడు, శవమూ ఇవ్వలేదు. రాజు పడిన చోటే ప్రధాన వేదిక వచ్చేలా తర్వాత మఠం కట్టించాడు. ఆ ఊరి పేరు నేటికీ బ్యాటిల్.

అతి నెమ్మదైన చావు, అత్యధిక సమాధులు

మొదటి రిచర్డ్, సింహహృదయుడు. పదేళ్ల పాలనలో ఇంగ్లండ్‌లో ఉన్నది ఆరు నెలల లోపే. చెరపడితే విడిపించడానికి అడిగిన సొమ్ము 1,50,000 మార్కుల వెండి. అంత ఖరీదైన ప్రాణం ఫ్రాన్స్‌లోని షాలూ అనే చిన్న కోట దగ్గర ఒక్క బాణానికి పోయింది. 1199 మార్చి 26 సాయంత్రం కవచం లేకుండా తిరుగుతుంటే ఎడమ భుజంలో దిగింది. కండ కుళ్లి, ఏప్రిల్ 6న, 41వ ఏట మరణం. మొత్తం 11 రోజులు. కొట్టినవాణ్ణి రాజు క్షమించాడని, ఆయన కన్నుమూయగానే సైనికులు అతణ్ణి పట్టి చర్మం ఒలిచారని చెబుతారు.

ఒక్క మనిషికి మూడు సమాధులు! పేగులు షాలూలో, దేహం ఫాంటెవ్రోలో, గుండె రూవాన్‌లో. 1838లో బయటపడిన సీసపు పెట్టెలో గుండె పొడిగా మారి ఉంది. ఉన్నది 80 గ్రాములు. 2013లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు పరీక్షిస్తే పుదీనా, సాంబ్రాణి, పాదరసం ఆనవాళ్లు కనిపించాయి.

రాజులను కూల్చిన రాజు

ఈ రికార్డు ఎవరూ తాకలేరు. మెర్సియా రాజు పెండా, ఏడో శతాబ్దం. ఆయన దెబ్బకు పోయిన రాజులు అయిదుగురు. నార్తంబ్రియా ఎడ్విన్ 633లో. ఆయన తర్వాత వచ్చిన ఓస్వాల్డ్ 642లో, 38వ ఏట. తూర్పు ఆంగ్లియా నుంచి ఎక్‌గ్రిక్, సిగెబర్ట్, ఆనా. వీళ్లలో సిగెబర్ట్ అప్పటికే కిరీటం వదిలి మఠంలో చేరాడు. సైన్యానికి ధైర్యంగా ఉంటుందని బలవంతంగా యుద్ధానికి లాక్కొచ్చారు. తాను సన్యాసినని, కత్తి పట్టనని అన్నాడు, చేతిలో ఒక కర్ర మాత్రం పట్టుకుని నిలబడ్డాడు. అలాగే చనిపోయాడు. ఆయుధం లేకుండా యుద్ధంలో పడిన రాజు ఈ జాబితా మొత్తంలో ఆయనొక్కడే.

ఓస్వాల్డ్ తలను, చేతులను నరికి కొయ్యలకు గుచ్చారు. ఆ తల డరమ్‌లో సెయింట్ కత్‌బర్ట్ శవపేటికలోకి చేరింది. ఐరోపాలో ఇంకొన్ని చర్చిలు కూడా ఆయన తల తమ దగ్గరే ఉందంటాయి! పెండా లెక్క తేల్చింది ఓస్వాల్డ్ తమ్ముడు ఓస్వియు. 655 నవంబరు 15న, వాన నీటితో పొంగిన విన్‌వేడ్ ఏటి ఒడ్డున. పెండా వెంట 30 మంది నాయకులు వచ్చారని, దాదాపు అందరూ హతమయ్యారని, కత్తికి పోయినవారికంటే ఏట్లో మునిగినవారే ఎక్కువని చరిత్రకారుడు బీడ్ రాశాడు.

బ్రిటన్ మొత్తానికి ఆఖరిది

ఇంగ్లండ్‌కు ఆఖరివాడు మూడో రిచర్డ్ అయితే, బ్రిటన్ దీవి మొత్తానికి ఆఖరివాడు స్కాట్లండ్ రాజు నాలుగో జేమ్స్. 1513 సెప్టెంబరు 9, ఫ్లాడన్ యుద్ధం, వయసు 40. బాస్‌వర్త్ తర్వాత 28 ఏళ్లకు. ఈయన ఎవరో కాదు, బాస్‌వర్త్ విజేత ఏడో హెన్రీకి స్వయానా అల్లుడు. మామగారి కొడుకు ఎనిమిదో హెన్రీ సేన చేతిలోనే పోయాడు.

యుద్ధంలో స్వయంగా సేనను నడిపిన చివరి బ్రిటన్ రాజు రెండో జార్జ్. 1743, జర్మనీలోని డెటింగెన్. వయసు 59. గుర్రం బెదిరి పరుగు లంకించుకుంటే దిగిపోయి, కాలినడకన నిలబడి పోరు నడిపాడు. గెలిచి ఇంటికి తిరిగొచ్చాడు. ఆ తర్వాత 17 ఏళ్లు బతికాడు.